లేని క్లచ్

ఆ రోజు పొద్దున్న మెల్లగా మాస్టారు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భార్య పొద్దున్నే డ్యూటీకి వెళ్తుంది. ఆవిడ వెళ్ళాక అత్తగారు వస్తారు. అత్తగారు వచ్చాక బండి స్టార్టవుతుంది. అది చూసి ఆవిడ సంతోషించి, భోంచేసి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతారు. సాయంత్రం భార్య తిరిగొచ్చేసరికి బండి మళ్ళీ పాడైపోయి, దుప్పటి కప్పుకుని, షెడ్డులో ఓ మూల పడి ఉంటుంది.

మెల్లగా మాస్టారు అన్నది ఆయన అసలు పేరు కాదు. అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద ఉంది గాని ఎవరూ చదవరు. స్టీరింగు ముందు కూర్చున్న ప్రతి మనిషికీ ఆయన చెప్పే మొదటి మాటా, చివరి మాటా "మెల్లగా". మధ్యలో ఉన్న మాటలు కూడా చాలావరకు అవే. ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పింది ఆయన. మిగతా సగం మంది ఆయన కారు వెనకాల ఇరుక్కుపోయి ఓపిక నేర్చుకున్నారు.

అలాంటి మనిషి ఓ డర్ట్ బైకు మీద మనసు పారేసుకున్నాడంటే ఎవరూ నమ్మరు. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు.

బండి మామగారిది. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసేవారు. కొండల్లో, బురదల్లో పాతిన స్తంభాలను చూసి రావడానికి ఆ రోజుల్లో డిపార్ట్‌మెంటు వాళ్ళు కొన్ని ఆటోమేటిక్ డర్ట్ బైకులు తెప్పించారు. వాటికి గేర్లు వాటంతట అవే మారతాయి. ఎడమచేతికి క్లచ్ ఉండదు. ఎక్సిలేటరు తిప్పితే బయల్దేరుతుంది, అంతే. బళ్ళు పాతబడి వేలానికి వచ్చినప్పుడు మామగారు తన బండిని తనే పాడుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన జబ్బుపడ్డాక అది మూలన పడింది. ఆయన పోయాక, అత్తగారు చిన్న ఇంట్లోకి మారుతూ దాన్ని కూతురింటికి పంపించారు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. మాస్టారి భార్య ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. కాళ్ళు పైకి వేలాడగట్టుకుని పడుకున్న మోటారు సైకిలు వీరుల్ని రోజూ చూస్తూ ఉంటుంది. అందుకని బండి వచ్చిన రోజే తేల్చి చెప్పేసింది: "నాన్న గుర్తుగా ఉంటే ఉండనివ్వండి. కానీ అది స్టార్టయిన రోజున ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

అత్తగారి మాట ఇంకో రకం. "తిరగని బండిని చూస్తే నాకు ఆయన మంచంలో ఉన్న రోజులే గుర్తొస్తున్నాయి బాబూ. తిరిగితే మీ దగ్గర ఉంచండి. తిరగదంటే పాత ఇనప సామాను అతనికి ఇచ్చేద్దాం. ఆ అవస్థలో దాన్ని ఉంచొద్దు."

అంటే బండి స్టార్టయితే ఇంట్లోంచి పోతుంది, స్టార్టవకపోతే లోకంలోంచే పోతుంది. మాస్టారు ఆలోచించి ఆలోచించి, మెత్తటి మనుషులందరూ వెళ్ళే దారినే వెళ్ళారు. భార్యతో "అబ్బే, అది ఈ జన్మలో కదలదు" అన్నారు. అత్తగారితో ఫోనులో "ఇవాళో రేపో కదులుతుందండీ" అన్నారు. మూడు నెలలపాటు ఆ బండి వంటింట్లో చచ్చిపోతూ, ఫోనులో బతుకుతూ వచ్చింది.

నిజానికి అది షెడ్డులో నిజంగానే బతుకుతోంది. కార్బ్యురేటరు విప్పితే పాత పెట్రోలు లోపల జిగురులా గడ్డకట్టి ఉంది. గాలి ఫిల్టరు డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి పంపించేసినట్టు ఆనవాళ్ళు ఉన్నాయి. మాస్టారు ట్యాంకులో గులకరాళ్ళు పోసి, గంటల తరబడి ఊపి తుప్పు వదిలించారు. సన్నటి రంధ్రాలు రుద్దడానికి వేరే సాధనం దొరక్క భార్య టూత్‌బ్రష్ వాడారు. ఆవిడ కొత్తది కొనుక్కుంటే అది కూడా వాడారు. విప్పిన ముక్కలన్నీ బిస్కెట్ డబ్బాల్లో దాచి, డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ లేనప్పుడు ఒక్కొక్కటే తిరిగి బిగించారు. స్కూలు ఇంటి పక్కనే. మధ్యలో ఓ ప్రహరీగోడ, దానికో చిన్న తలుపు. ఆ తలుపు తోసుకుని షెడ్డులోకి రావడం, బోల్టు బిగించి వెళ్ళిపోవడం ఆయనకు అలవాటైపోయింది. ఇన్నేళ్ళ జీవితంలో ఏ పనీ ఆయనకింత హాయినివ్వలేదు.

అన్నీ అయ్యాక ఒక్క లోటు మిగిలింది. హ్యాండిలు ఎడమవైపు బోసిగా ఉంది. "కంగారొస్తే ముందు క్లచ్ పట్టుకోండి" అని ఏళ్ళ తరబడి జనానికి నూరిపోసిన మనిషి, క్లచ్ లేని హ్యాండిలును చూస్తూ ఊరుకోలేకపోయారు. స్కూలు స్కూటరుది పాత క్లచ్ లివరు ఒకటి పడి ఉంటే తెచ్చి అక్కడ బిగించారు. దానికి తీగ లేదు, పనీ లేదు. ఊరికే చేతికి ఆసరా, కంటికి నిండుదనం.

ఇంకా కొన్ని చిల్లర పనులు మిగిలే ఉన్నాయి. ఇంజను ఆపే బటనుకి వైరు దొరకలేదు. పెట్రోలు ట్యాపు కట్టేసి, లోపలున్నది అయిపోయే దాకా కాచుకుంటే అదే ఆగుతుంది. ముందు బ్రేకు కేబులు తెగి ఉంది, కొత్తది రావాలి. ఎక్సిలేటరు కేబులు కాస్త పొట్టిదైంది, హ్యాండిలు ఎడమకు తిప్పితే అది బిగుసుకుని ఇంజను దానంతట అదే రేజు అవుతోంది. మాస్టారు వీటిని పట్టించుకోలేదు. చెక్కపెట్టె మీదకు ఎక్కించి చప్పుడు వినిపించాల్సిన బండికి బ్రేకులెందుకు, మలుపులెక్కడివి?

భార్య డ్యూటీకి వెళ్ళింది. అత్తగారు చెప్పిన వేళకే గేటు తీసుకుని లోపలికి వచ్చారు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. మాట తక్కువ, అన్న మాటకు తిరుగు లేదు. కాఫీ తాగుదురుగాని రండి అంటే తర్వాత అన్నారు. చేతిసంచీ కూడా కింద పెట్టకుండా నేరుగా షెడ్డు దగ్గరికి నడిచారు.

మాస్టారు పెళ్ళిచూపులకు పిల్లను చూపించేంత గర్వంగా దుప్పటి తీశారు. అత్తగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు నిమిరి, వెనక సీటు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయారు. స్టార్ట్ చెయ్యమంటారా అని మాస్టారు అడిగితే తల అడ్డంగా ఊపారు.

"ఇక్కడ నిలబడి కాదు బాబూ. ఈ చప్పుడు నేనెప్పుడూ వెనక కూర్చునే విన్నాను. కిందకు దింపండి."

అత్తగారితో వాదించే అలవాటు మాస్టారికి లేదు. పైగా దింపినంత మాత్రాన ఏమవుతుంది? పెట్టె మీంచి దించి, వాకిట్లోకి తెచ్చి నిలబెట్టారు. ఆవిడ చేతిసంచీ భుజానికి తగిలించుకుని, అలవాటైన మనిషిలా ఎక్కి కూర్చున్నారు. తర్వాత ఖాళీగా ఉన్న ముందు సీటు వైపు చూశారు. ముందు మనిషి లేకుండా వెనక సీటేమిటి, మీరూ కూర్చోండి అన్నారు. మాస్టారు కూర్చున్నారు.

మూడో తన్నుకు ఇంజను అందుకుంది. నీలంగా పొగ లేచింది. వెనకాల అత్తగారు ఊపిరి గట్టిగా పీల్చుకోవడం మాస్టారికి వినిపించింది. ఆయన పొంగిపోయారు. సరిగ్గా అప్పుడే ఇంజను ఒకసారి తడబడింది. ఆగిపోతుందేమో, ఇంత దూరం వచ్చిన ఆవిడ ముందు చచ్చిపోతుందేమోనని ఆయన గుండె గుభేలుమంది. ఆగిపోబోయే బండిని ఎలా నిలబెట్టాలో ఆయన కొన్ని వేల సార్లు కొన్ని వందల మందికి చెప్పి ఉన్నారు: క్లచ్ పట్టుకో, రేజు ఇవ్వు. చేతులు ఆయనను అడగలేదు. ఎడమచెయ్యి లేని క్లచ్‌ను గట్టిగా పట్టుకుంది. కుడిచెయ్యి ఉన్న ఎక్సిలేటరును నిండుగా తిప్పింది.

బండి గేటులోంచి వీధిలోకి దూకింది. గేటు మూయడం అత్తగారు మర్చిపోయారు, లేకపోతే కథ అక్కడే అయిపోయేది.

ఇల్లు వాలు మీద ఉంది. మాస్టారు వెంటనే ఎక్సిలేటరు వదిలేశారు. మామూలు బండైతే వదిలేయగానే ఇంజను పట్టి ఆపుతుంది. ఈ బండి ఆ రకం కాదు. వదిలేస్తే తొక్కడం మానేసిన సైకిలులాగా వాలు ఉన్నంత మేరా జారిపోతుంది. మాస్టారు క్లచ్ ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత ఖాళీగా తగిలింది. అప్పుడు తెలివి వచ్చి, వెనక బ్రేకు మీద దాదాపు నిలబడ్డారు. కొత్తగా వేసిన లైనింగు ఇంకా అలవాటు పడలేదు. అది కీచుమని ఓ అభిప్రాయం మాత్రం చెప్పి ఊరుకుంది.

ఆఖరి ఉపాయంగా చెయ్యి కిందకు పోనిచ్చి పెట్రోలు ట్యాపు కట్టేశారు. కార్బ్యురేటరులో ఉన్నది అయిపోగానే ఆగి తీరుతుంది. ఈలోగా ఎడమవైపు ఉన్న ఖాళీ మైదానంలోకి తిప్పితే చాలు. హ్యాండిలు ఎడమకు తిప్పారు. పొట్టి కేబులు బిగుసుకుంది. ఇంజను గయ్యిమని లేచింది. బండి మైదానాన్ని కాదని, ఎదురుగా గోడ వైపు ఉరికింది. పై ప్రాణాలు పైనే పోగా మాస్టారు కుడికి తిప్పేశారు. కుడికి తిప్పితే శాంతించింది. ఆ విధంగా ఈ ప్రయాణంలో కుడి మలుపులు తప్ప వేరే గతి లేదని ఆయనకు అర్థమైంది. కుడివైపు ఉన్నది బజారు, వాలు కూడా అటువైపే.

బజారు వీధిలో డ్రైవింగ్ స్కూలు కారు వెళ్తోంది. నడుపుతున్నది టైలరమ్మ. కుట్టు మిషను తొక్కడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు గానీ కారు దగ్గరకొచ్చేసరికి కాలు వణుకుతుంది. ఇంతవరకు రెండో గేరు దాటలేదు. పక్కన స్కూల్లో రెండో టీచరు, చిన్న మాస్టారు, కునుకు తీస్తున్నాడు. ఆ కారును దాటుకుంటూ మెల్లగా మాస్టారు వెళ్ళారు. ఆయన ఒక బండిని దాటడం ఊళ్ళో ఎవరూ అంతవరకు చూడలేదు.

టైలరమ్మ చూసింది. వెనక సీటులో ఓ పెద్దావిడ కళ్ళు మూసుకుని, తల ఆయన వీపుకు ఆనించి ఉండడం కూడా చూసింది. ఇక ఆవిడకు అనుమానం లేదు. మాస్టారు అంత వేగంగా వెళ్తున్నారంటే ఎవరి ప్రాణం మీదికో వచ్చి ఉండాలి.

"వాళ్ళత్తగారు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు పాపం" అంది చిన్న మాస్టారిని కుదిపి లేపి.

అటు మాస్టారు, తమ కారు వెనకే వస్తే ప్రమాదమని, ఏ పనీ లేని ఎడమచెయ్యి పైకెత్తి వద్దు వద్దని ఊపారు. సాయం రమ్మంటున్నారని టైలరమ్మకు అర్థమైంది. జీవితంలో మొదటిసారి మూడో గేరు వేసింది. అది బాగానే ఉందనిపించి నాలుగోది కూడా వేసింది. చిన్న మాస్టారు డ్యాష్‌బోర్డు పట్టుకుని "మెల్లగా" అన్నాడు గానీ ఆ మాట అనే హక్కు ఆ క్షణంలో ఆ స్కూల్లో ఎవరికీ లేదు.

బజారు చివర సిగ్నలు. ఎర్రలైటు పడి ఉంది. అక్కడ నిలబడ్డ కానిస్టేబులు కూడా మాస్టారి శిష్యుడే. ఎర్రలైటు దగ్గర గీత మీద టైరు పెట్టాడని ఆయన చేత అరగంట పాఠం చెప్పించుకున్నవాడు. ఆ గురువుగారే ఎర్రలైటును లెక్కచెయ్యకుండా, జరగండి జరగండి అని గొంతు చించుకుంటూ రావడం చూసి కానిస్టేబులు నోరు తెరిచాడు. వెనక ఒరిగిపోయిన పెద్దావిడ. ఆ వెనక ఎల్ బోర్డు కారు, హారను కొట్టుకుంటూ. అతను మారుమాట లేకుండా నాలుగు వైపులా బళ్ళు ఆపేసి, దారి వదిలి, ఆసుపత్రికి ఫోను చేశాడు. మాస్టారు ఎవరో పెద్దావిడను తీసుకొస్తున్నారని అతను చెప్పాడు. ఆ కబురు ఆసుపత్రి గేటు దగ్గరకు వెళ్ళేసరికి ఆ పెద్దావిడ మాస్టారి అత్తగారు అయింది. ఎముకల వార్డుకు చేరేసరికి, సిస్టర్‌గారి అమ్మకు స్పృహ లేదని అయింది.

స్పృహ గురించి మాస్టారికి కూడా అప్పుడే భయం పట్టుకుంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి అత్తగారు ఒక్క కేక పెట్టలేదు, ఒక్క మాట అనలేదు. వీపుకు ఆనిన తల అలాగే ఉంది. ఆయన రెండుసార్లు పిలిచారు. జవాబు లేదు. చేతులు మాత్రం ఆయన నడుమును పట్టుకునే ఉన్నాయి గానీ అది కూడా బిగుసుకుపోవడం వల్లనేమో. బండి కోసం అబద్ధాలాడి, చివరికి తల్లిలాంటి మనిషిని ఏం చేశానని లోపల్లోపల కుమిలిపోయారు. మైదానం, ఇల్లు, బ్రేకులు అన్నీ మర్చిపోయారు. ఆసుపత్రి ఒక్కటే గుర్తుంది. అది కుడివైపే ఉంది.

ఇక్కడో చిన్న ఇబ్బంది వచ్చింది. ఇంతసేపూ ఈ బండి ఎప్పుడాగుతుందా అని మొక్కుకున్న మనిషి, ఇప్పుడది ఆగకుండా ఉంటే బాగుండునని మొక్కుకోవాల్సి వచ్చింది. కట్టేసిన ట్యాపు తెరుద్దామని తడిమితే వేడి ఇంజను తగిలి చెయ్యి చురుక్కుమంది. సరిగ్గా ఆసుపత్రి గేటు దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కానీ ఆగినా జారిపోవడం ఆ బండికి పుట్టుకతో వచ్చిన గుణం కదా. గేటు దాటి, వాలు మీదుగా చప్పుడు లేకుండా జారి, వరండా ముందు సిద్ధంగా ఉన్న స్ట్రెచరుకు ముందు చక్రం ఆనించి నిలబడింది. అంత మర్యాదగా ఏ అంబులెన్సూ ఆగి ఉండదు.

స్ట్రెచరు పక్కన భార్య ఉంది. ముఖాన నెత్తుటిచుక్క లేదు. ఆవిడా, డ్యూటీ డాక్టరూ, ఇద్దరు వార్డు సహాయకులూ కలిసి అత్తగారిని దింపి పడుకోబెట్టారు. మాస్టారు బండి మీదే ఉండిపోయారు.

"ఎప్పటినుంచి?" అని అడిగింది భార్య. అడుగుతున్నప్పుడు ఆవిడ చూపు ఓసారి బండి మీద పడింది. అంతే, మాస్టారికి మిగతా లోకం కనిపించలేదు.

"మూడు నెలలైంది" అన్నారు నిజాయితీగా.

"మూడు నెలలా? నాకు చెప్పలేదేం?"

"నువ్వు కంగారు పడతావని."

ఎవరికి చూపించారని డాక్టరు అడిగాడు. ఎవరికీ చూపించలేదనీ, తనే చూసుకున్నాననీ మాస్టారు చెప్పారు. లక్షణాలేమిటని అడిగితే, మొదట్లో అసలు చలనమే ఉండేది కాదనీ, తర్వాత కాస్త దగ్గి ఆగిపోయేదనీ, ఈ వారం నుంచి మాత్రం పొగ కూడా వస్తోందనీ వివరించారు. డాక్టరు రాయడం ఆపి, ఆయన ముఖంలోకి చూశాడు.

ఈలోగా స్ట్రెచరు మీద అత్తగారు కళ్ళు తెరిచారు.

"ఎందుకాపారు బాబూ?" అన్నారు.

మాస్టారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. బండి దిగి ఆవిడ పాదాల దగ్గర నిలబడిపోయారు. డాక్టరుకు మాత్రం ఆ మాట నచ్చలేదు. మగతలో మాట్లాడుతున్నారన్నాడు. నాకేమీ కాలేదు, ఇంకో చుట్టు తిరిగి వద్దామనుకుంటున్నాను అని అత్తగారు వివరంగా చెప్పేసరికి, ఎక్కడున్నారో కూడా తెలియడం లేదని రాసుకున్నాడు. లేచి కూర్చోబోతే సహాయకులు మెత్తగా వెనక్కి పడుకోబెట్టారు. తల స్కానింగు, గుండె పరీక్షలు, మూడు రోజులు అడ్మిషను, ముందు ఒక ఇంజెక్షను అని డాక్టరు చెప్పుకుపోయాడు. ఆవిడ ఎంత తెలివిగా మాట్లాడితే జబ్బు అంత ముదిరినట్టు లెక్కయింది.

భార్య మాస్టారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా లివరు పట్టుకున్నట్టే వంకరగా ఉంది.

"మీరా బండిని బాగుచేసి ఉండకపోతే ఇవాళ మా అమ్మ ఏమైపోయేదో" అంది. "ఎన్ని మాటలన్నాను దాన్ని. ఇక ఎప్పటికీ అది మన ఇంట్లోనే ఉంటుంది. ఎవరు కాదంటారో చూస్తాను."

అప్పటికి టైలరమ్మ వచ్చేసింది, కళ్ళు తుడుచుకుంటూ. కానిస్టేబులు వచ్చి అటెన్షన్‌లో నిలబడ్డాడు. మాస్టారి వైపు అంత గౌరవంగా అంతమంది ఎప్పుడూ చూడలేదు. మూడు నెలల దొంగతనం ఒక్క పూటలో త్యాగమైపోయింది. ఇందులో ఆయన చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే. నోరు మూసుకోవడం ఆయనకు కష్టమైన పనేమీ కాదు. బండి దక్కింది. అత్తగారు బతికే ఉన్నారు. మూడు రోజులు పడుకుంటే పడుకున్నారు, విశ్రాంతి ఎవరికి చేదు?

డాక్టరు సూది పైకెత్తి గాలి వదిలాడు. అత్తగారు మళ్ళీ నోరు తెరవబోయి, ఆగారు. కూతురి ముఖం చూశారు. అల్లుడి ముఖం చూశారు. వెనకాల వేడికి టిక్కు టిక్కుమంటున్న బండిని చూశారు. ఆవిడకు అంతా అర్థమైంది. ఇంకేమీ అనకుండా జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుని, చెయ్యి చాపారు.

ఆ చాపిన చెయ్యి చూసి మాస్టారు ఉండలేకపోయారు.

"సూది ఆపండి డాక్టరుగారూ" అన్నారు. "ఆవిడకే జబ్బూ లేదు. జబ్బంతా నాది."

అక్కడి నుంచి మొత్తం చెప్పేశారు. వంటింట్లో చెప్పింది, ఫోనులో చెప్పింది, టూత్‌బ్రష్షులు, పొట్టి కేబులు, లేని బ్రేకు. లేని క్లచ్ దగ్గరకు వచ్చేసరికి మాటలతో ఒప్పించలేక, బండి దగ్గరకు వెళ్ళి ఆ లివరు నొక్కి చూపించారు. దాని వెనక తీగ లేదు. కానిస్టేబులు వంగి చూసి, అవునన్నాడు. డ్రైవింగు నేర్పే మనిషి బ్రేకు లేని బండెక్కాడన్న మాట మీద అక్కడున్నవాళ్ళెవరూ పైకి నవ్వలేదు. అది మాస్టారి మీద గౌరవం కొద్దీ. డాక్టరు తను రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

భార్య తల్లి దగ్గరకు వెళ్ళి నాడి పట్టుకుని చూసింది.

"అమ్మకు నిజంగా ఏమీ కాలేదా?" అంది చివరికి.

"ఏమీ కాలేదు."

"మీకు?"

"నాకూ ఏమీ కాలేదు."

"దారిలో ఎవరికైనా?"

ఎవరికీ గీత కూడా పడలేదని కానిస్టేబులు సాక్ష్యం చెప్పాడు. అప్పుడావిడ స్ట్రెచరు మీద తల్లి పక్కనే కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో మాస్టారికి తెలియలేదు. చేతులు తీశాక చూస్తే రెండూ చేస్తోంది. గుండె మీంచి బండరాయి దింపినట్టుంది ఆవిడకు. వార్డుకు ఆ కబురు వచ్చినప్పటి నుంచి ఆ రాయి అక్కడే ఉంది.

అత్తగారు కూతురి వీపు నిమురుతూ, నెమ్మదిగా, ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా చెప్పారు. "బండి బాగా చేశారు బాబూ. చప్పుడు అచ్చం అలాగే ఉంది. కళ్ళు మూసుకుంటే ఆయన వెనక కూర్చున్నట్టే ఉంది. తెరవబుద్ధి కాలేదు, అందుకే మీరు పిలిచినా పలకలేదు. ఒక్కటే నచ్చలేదు నాకు. ఎడమవైపు అదేదో బిగించారు కదా, అది తీసెయ్యండి."

"తీసేస్తానండీ. పనికిరానిది, చూడ్డానికి నిండుగా ఉంటుందని."

"ఆయన ఒంటిచేత్తో నడిపేవారు. క్లచ్ లేదు కదా, ఎడమచేతికి పని ఉండేది కాదు. వెనక్కి పెట్టి నా చెయ్యి పట్టుకునేవారు. దారి పొడుగునా." ఆవిడ బండి వైపు చూశారు. "ఆ వైపు ఖాళీగానే ఉండాలి."

కూతురు ఆ చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవాడు నాన్న, ఆ సంగతే మర్చిపోయాను అంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని లేచి, మళ్ళీ ఎముకల వార్డు నర్సు అయింది.

"నేనన్న మాట మాటే. స్టార్టయింది కాబట్టి ఇంట్లో ఉండడానికి వీల్లేదు."

మాస్టారు తల వంచుకున్నారు. నిజం చెప్పినప్పుడే దాని మీద ఆశ వదిలేసుకున్నారు.

"మీ స్కూలు ఇల్లు కాదు కదా" అంది ఆవిడ. "గోడకవతల పెట్టుకోండి. ముందు బ్రేకు వేయించాక, ఆ కేబులు మార్చాక, నేనే వచ్చి చూసి సరే అన్నాకే ఎక్కాలి. నా టూత్‌బ్రష్ జోలికొస్తే మాత్రం మీరూ గోడకవతలే."

మాస్టారు అంత గట్టిగా ఊపిరి వదలడం ఊళ్ళో ఎవరూ అంతవరకు వినలేదు. కానిస్టేబులు ఎర్రలైటుకు మాత్రం రసీదు రాశాడు. గురువుగారు నేర్పిందే కదా అన్నాడు. బండిని తోసుకుంటూ ఇంటికి తీసుకెళ్ళారు, బజారులోంచి, అందరూ చూస్తుండగా. మాస్టారు ముందు హ్యాండిలు పట్టుకుంటే వెనక అత్తగారు సీటు మీద చెయ్యి వేసి నడిచారు. ఆ వారమే టైలరమ్మ లైసెన్సు పరీక్షకు వెళ్ళి పాసైంది. పరీక్ష చేసిన ఆఫీసరే కాస్త బెదిరిపోయాడని విన్నారు.

ఇప్పుడు అత్తగారు ఆదివారం ఆదివారం వస్తున్నారు. బండికి రెండు బ్రేకులూ ఉన్నాయి, ఆపే బటను ఉంది, ఎడమకు తిరుగుతుంది. ఆ లివరు అత్తగారి చేతిసంచీలో ఉంది. మళ్ళీ బిగిస్తారేమోనని ఆవిడే తీసి దాచుకున్నారు. చెరువుగట్టు మీద రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. గాలి వీస్తుంది. అత్తగారు కాసేపు కళ్ళు మూసుకుంటారు, కాసేపటికి తెరిచి అల్లుడి భుజం తడతారు.

"ఆ రోజులా పోనివ్వండి బాబూ."

"మెల్లగా అత్తయ్యగారూ, మెల్లగా" అంటారు మాస్టారు.

వెనకనుంచి ఒక సైకిలు బెల్లు కొట్టి, వాళ్ళను దాటుకుని వెళ్ళిపోతుంది.